కపిల బొక్కెన, లోడరు బకెట్టు

రాయలసీమ పల్లెలలోని వెల్డింగు షాపులకు వచ్చే పనులలో ట్రాక్టరు లోడరు బకెట్టుకు మార్పులు చేయడం ఒకటి. ట్రాక్టరు ముందు భాగాన రెండు ఇనుప చేతులు, వాటి చివర మట్టిని గాని, ఎరువును గాని ఎత్తే ఒక పెద్ద ఇనుప తొట్టి ఉంటాయి. ఆ తొట్టినే బకెట్టు అంటున్నారు. ఫ్యాక్టరీలో తయారైన బకెట్టు అన్ని చోట్లా ఒకే తీరుగా పనిచేయదు. దిబ్బ ఎరువు ఎత్తేవానికి అది చిన్నదిగా తోస్తుంది. రాతినేలలో వాడేవానికి దాని అంచు ఏడాది తిరగకుండా అరిగిపోతుంది. నల్లరేగడిలో తడిగా ఉన్నప్పుడు దించితే మట్టి లోపల అంటుకొని, ఎంత వంచినా జారదు. అందుచేత రైతు దానిని షాపుకు తెచ్చి “జానెడు రేకు అతికించు”, “నాలుగు పళ్లు పెట్టు” అని అడుగుతాడు. అతికించేవాడు అతికిస్తాడు. పని సులువుగానే కనిపిస్తుంది.

అయితే ఆ జానెడు రేకు వెనుక చాలా పెద్ద చరిత్ర ఉన్నది. బరువును ఎత్తే పాత్రకు, దానిని ఎత్తే శక్తికి మధ్య పొత్తు కుదర్చడం అనేది ఈ ప్రాంతపు కమ్మరులకు, వడ్రంగులకు, తోలుపని వారికి తరతరాలుగా తెలిసిన సమస్య. వారు దానిని మొదట నీటితో పరిష్కరించారు. మట్టి వంతు ఆ తరువాత వచ్చింది.

కర్నూలు నుంచి నంద్యాల వెళ్లే రహదారి మీద ఓర్వకల్లు ఉన్నది. ఊరి సమీపంలో నేలను చీల్చుకొని వచ్చినట్లు నిలిచిన రాతి గుట్టలు ఇప్పుడు యాత్రికులు చూసే ఉద్యానం అయ్యాయి. ఆ గుట్టలు దాటి కొద్ది దూరం పోతే రేగడి చేలు కనిపిస్తాయి. ఒకచోట గడ్డపార దిగదు, మరొకచోట వానకాలంలో దిగిన కాలు రాదు. వర్షం తక్కువ కాబట్టి బావి మీద ఆధారపడక తప్పేది కాదు. బావిలో నీళ్లు లోతున ఉంటాయి కాబట్టి చేతితో తోడడం చాలదు. రాయలసీమలో కపిల అంతగా వ్యాపించడానికి ఇదే కారణం.

కోస్తా వారు, తెలంగాణ వారు మోట అని పిలిచేదానినే సీమవారు కపిల అన్నారు. 1800–1801లో మైసూరు దేశం గుండా ప్రయాణించిన ఫ్రాన్సిస్ బుకానన్ కూడా దానిని ఈ పేరుతోనే గుర్తించాడు. బావి గట్టున రెండు స్తంభాలు, వాటి నడుమ ఒక గిలక. గిలక మీదుగా మోకు. మోకు చివర తోలు బొక్కెన. రెండవ కొసకు ఎద్దుల జత. ఎద్దులు బావికి దూరంగా నడిస్తే బొక్కెన పైకి వస్తుంది. ఇంతవరకు ఎవరైనా ఊహించగలరు. కపిలలోని తెలివి అంతా తరువాతి రెండు ఏర్పాట్లలో ఉన్నది.

మొదటిది ఎద్దులు నడిచే బాట. అది బావి గట్టు నుంచి కిందికి వాలుగా ఉంటుంది. ఎద్దులు బొక్కెనను లాగేటప్పుడు వాలులో దిగుతూ లాగుతాయి. జత బరువు 700 కిలోలు అనుకొని, ఆరడుగుల నడకకు అడుగు చొప్పున బాట దిగుతుందని అనుకుంటే, వాటి శరీర భారంలో ఆరవ వంతు, అంటే దాదాపు 117 కిలోల బలం, కండరాల శ్రమ లేకుండానే మోకును లాగుతుంది. సాధారణమైన కపిల బొక్కెనలో 100 నుంచి 150 లీటర్ల నీరు పడుతుంది. లీటరు నీరు ఒక కిలో కాబట్టి ఎత్తవలసిన బరువు కూడా అంతే. చదునైన నేల మీద రోజంతా ఇంత బరువు లాగడం జత ఎద్దులకు మించిన పని. వాలు బాట మీద అది సాధ్యమైంది. తిరిగి వచ్చేటప్పుడు ఎద్దులు తమ బరువును తామే పైకి మోసుకొని రావాలి, కాని అప్పుడు బొక్కెన ఖాళీగా దిగుతుంటుంది. అనేక చోట్ల తోలేవాడు కూడా దిగేటప్పుడు మోకు మీద కూర్చొని తన బరువును చేర్చేవాడు. చూసేవారికి అది సోమరితనంగా కనబడుతుంది గాని, లెక్క ప్రకారం అతడు మూడవ ఎద్దు.

రెండవది తొండం. బొక్కెన అడుగున తోలుతో కుట్టిన పొడవైన గొట్టం వేలాడుతుంది. దానికి వేరే సన్నని తాడు కట్టి, గట్టు అంచున కిందుగా అమర్చిన చిన్న దొండు మీదుగా లాగుతారు. బావిలో ఉన్నంతసేపు ఈ తాడు తొండాన్ని పైకి మడిచి, బొక్కెన నోటి ఎత్తులో నిలబెడుతుంది. అందువల్ల నీరు కారిపోదు. బొక్కెన గట్టు దాటి పెద్ద గిలకవైపు ఎక్కే సమయానికి తొండం దొండు మీదుగా ముందుకు సాగి తొట్టిలోకి చాస్తుంది. నీరంతా తనంతట తానే ఒలుకుతుంది. బొక్కెనను పట్టి వంచడానికి రెండవ మనిషి అక్కరలేదు. ఇప్పటి మేలురకం లోడర్లలో బకెట్టు పైకి లేచేటప్పుడు మట్టి వెనక్కు దొర్లి తోలేవాని తల మీద పడకుండా, దానిని సమతలంగా నిలిపే జంట కడ్డీలు ఉంటాయి. పని వేరైనా ఆలోచన ఒకటే: ఎత్తే దారి పొడవునా పాత్ర నోరు ఏ దిక్కుకు ఉండాలో ఎత్తే ఏర్పాటే నిర్ణయించాలి.

తోలు బొక్కెన బలహీనత దాని తోలే. పల్లెలలో తోలును తంగేడు చెక్కతో పదును చేసేవారు. ఆ చెక్కలోని పదార్థం నిత్యం నీటిలో నానితే కొంచెం కొంచెంగా కరిగిపోతుంది, తోలు కుళ్లుతుంది. రాతికట్టు బావులలో గోడకు రాసుకొని చిరగడం మరో బాధ. ఈ సమస్యను శాస్త్రీయంగా పట్టించుకున్నవారిలో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ ముఖ్యుడు. 1888లో మద్రాసు ఇంజనీరింగు కళాశాలకు ఆచార్యుడుగా వచ్చిన ఆయన 1898లో మద్రాసులో అల్యూమినియం పాత్రల తయారీ మొదలుపెట్టించి పేరు తెచ్చుకున్నాడు. 20వ శతాబ్ది తొలి సంవత్సరాలలో క్రోము లవణాలతో తోలును పదును చేసే పద్ధతిని అక్కడ ప్రవేశపెట్టాడు. క్రోము తోలు నీటికి తట్టుకుంటుంది గనుక ఆ తోలును కపిల బొక్కెనలకు వాడి చూశారు. చెప్పుల పరిశ్రమతో పాటు బావి బొక్కెన కూడా మద్రాసులో క్రోము తోలు ప్రయోగాల చరిత్రలో చోటు చేసుకున్నదంటే నేడు చాలామందికి వింతగానే ఉంటుంది.

పల్లె కమ్మరి మాత్రం మరో మార్గం పట్టాడు. బొక్కెన పైభాగాన్ని ఇనుప రేకుతో వంచి, రివిట్లు కొట్టి, నోటికి ఇనుప కడియం బిగించాడు. తొండం ఒక్కటే తోలుది మిగిలింది. రేకు చిరగదు, కుళ్లదు, కాని తోలు కంటె బరువు. బొక్కెన సొంత బరువు పెరిగినంత మేర నీరు తగ్గాలి, లేదా ఎద్దులు అలసిపోవాలి. అందుచేత రేకు మందాన్ని, బొక్కెన పరిమాణాన్ని రైతు ఎద్దులను చూసి నిర్ణయించవలసి వచ్చేది. గిత్తల జతకు సరిపడ్డ బొక్కెనను ముసలి ఎద్దులకు కట్టి లాగిస్తే ఏమవుతుందో గట్టు మీద ఉన్న అందరికీ కనబడుతుంది. ఎద్దు ఆగిపోతుంది. ఇంజనుకు ఈ గుణం లేదు.

నీటి సంగతి ఇట్లా ఉండగా, మట్టి ఎత్తడంలో మాత్రం చాలాకాలం పార, గడ్డపార, గంప తప్ప వేరే సాధనం రాలేదు. చెరువుల తవ్వకంలో, బావుల తవ్వకంలో వడ్డెరలకు సాటి లేదని పేరు. తవ్విన గోతిలో అక్కడక్కడ ఒక మట్టి దిమ్మెను తాకకుండా వదిలేవారు. పాత నేల మట్టం ఎంత ఎత్తున ఉండెనో ఆ దిమ్మె సాక్ష్యం చెప్పేది. దాని ఎత్తును బట్టి తవ్విన మట్టి ఘనపరిమాణం కట్టి కూలి ఇచ్చేవారు. తలమీది గంపలో మోయగల మట్టి పాతిక, ముప్పై కిలోలు. గంప పరిమాణాన్ని మెడ నిర్ణయించింది.

ఈ పద్ధతితోనే కర్నూలు – కడప కాలువ తయారయింది. మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ఇంగ్లీషు కంపెనీ తుంగభద్ర మీద సుంకేసుల వద్ద ఆనకట్ట కట్టి, 1863 నుంచి 1870 వరకు కాలువ తవ్వించింది. నీటి పారుదలకు, పడవల రాకపోకలకు కూడా ఉపయోగించాలని ఉద్దేశించిన ఆ కాలువ పొడవు 306 కిలోమీటర్లు. అది మనుషుల చేతి మీదుగా సాగిన పని. కంపెనీకి ఆశించిన రాబడి రాక, 1882లో ప్రభుత్వం కాలువను కొనివేసింది. ఆ తరువాత ముప్పావు శతాబ్దం గడిచినా పరిస్థితి అంతగా మారలేదు. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరం రాతికట్టడపు ఆనకట్టలలో ప్రపంచంలోనే మిన్న అనిపించుకున్నది. అక్కడ సైతం రాయి, సున్నపు మోత అత్యధిక భాగం కూలీల భుజాల మీదనే సాగింది.

పశువులను మట్టి పనికి పూన్చడం అమెరికాలో బాగా అభివృద్ధి చెందింది. కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో ప్రాంతం సీమవలెనే ఎండిన నేల. కాలువలు తవ్వి, పొలాలు చదును చేస్తేనే పంట. అక్కడివారు గుర్రాలకు ఒక పలకను కట్టి మట్టిని నెట్టించేవారు. పలక ముందు మట్టి కుప్పగా పేరుకుని, దాని రాపిడికి గుర్రాలు సగం బలం వృథా చేసుకొనేవి. స్కాట్లండు నుంచి వలస వచ్చి అక్కడ బండ్లు, సేద్యపు పనిముట్లు చేసే జేమ్స్ పోర్టియస్ ఈ పలక రూపాన్ని మార్చాడు. ఇతరుల ఆలోచనలు కొన్నింటిని కొని, తన ఆలోచనలు చేర్చి, 1883లో పేటెంటు పొందాడు. ఆయన పాత్ర అడ్డకోతలో అర్ధచంద్రాకారంగా ఉంటుంది. కింది అంచు నేలను చెక్కుతుంటే, చెక్కిన మట్టి వంపు వెంట పైకి దొర్లి లోపల పడుతుంది. అప్పుడు నేల మీద ఈడ్చవలసింది మట్టి కుప్పను కాదు, నున్నని ఇనుప అడుగును. వెనుక ఉన్న పొడవైన పిడిని పైకెత్తితే కోత లోతవుతుంది, కిందికి నొక్కితే తేలుతుంది. పనామా కాలువ తవ్వకంలో కూడా ఈ ఫ్రెస్నో పాత్రలు పనిచేశాయి. ఇప్పటి లోడరు బకెట్టు వీపు గుండ్రంగా ఉండడం చూసినప్పుడు అందానికి అట్లా వంచారని అనుకోరాదు. అది పోర్టియస్ వంపే.

ఆ పిడికి ఒక దుర్గుణం ఉండేది. అంచు రాతికి తగిలి చటుక్కున ఆగితే గుర్రాల లాగుడు పాత్రను ముందుకు తిరగవేసేది, పిడి ఎగిరి తోలేవాని గడ్డాన్నో, రొమ్మునో కొట్టేది. బరువును మోసే వస్తువు ఎప్పుడూ ఒక ఆధారం చుట్టూ తిరగడానికి సిద్ధంగా ఉంటుందని ఆ దెబ్బలు తిన్నవారికి బాగా తెలుసు.

ట్రాక్టర్లు వచ్చిన తరువాత ఈ ప్రమాదం మరింత పెద్ద రూపం ధరించింది. తొలి ట్రాక్టర్లకు నాగలిని గొలుసుతో కట్టేవారు. నాగలి వేరుకో, రాతికో తగులుకుంటే వెనుక చక్రాలు ఆగక, ట్రాక్టరు ముందుభాగం లేచి తోలేవాని మీద వెల్లకిల పడేది. ఐర్లండు వాడైన హారీ ఫెర్గూసన్ ట్రాక్టర్ల సామర్థ్యం పెంచే పనిలో 1917లో ప్రభుత్వం తరఫున తిరుగుతూ ఈ లోపాన్ని దగ్గరగా గమనించాడు. నాగలిని మూడు కడ్డీలతో ట్రాక్టరుకు బిగించి, నూనె పీడనంతో దానిని ఎత్తించి, పై కడ్డీ ట్రాక్టరు ముక్కును కిందికి నొక్కేటట్లు ఆయన ఏర్పాటు చేశాడు. నాగలి తగులుకున్నప్పుడు ముందుభాగం లేవడానికి బదులు నేలకు అదుముకుంటుంది. ఇప్పుడు ఏ దేశపు ట్రాక్టరుకు చూసినా వెనుక ఉండే మూడు కడ్డీలు ఆ ఏర్పాటే. ఫెర్గూసన్ పేరు గల మాసీ ఫెర్గూసన్ సంస్థ సహకారంతో 1960లో మద్రాసులో టాఫే సంస్థ ఏర్పడింది. అంతకు ముందు సంవత్సరం 1959 ఏప్రిల్ 24న ఫరీదాబాదులో ఐషర్ ట్రాక్టరు బయటికి వచ్చింది. దేశంలో తయారైన ట్రాక్టర్లు రైతుకు అందడం ఆ కాలం నుంచే మొదలు.

నూనె పీడనంతో బరువు ఎత్తడానికి మూలసూత్రం పాస్కల్ 17వ శతాబ్దంలో చెప్పినదే. మూసి ఉన్న ద్రవం మీద ఒకచోట కలిగించిన పీడనం అన్ని వైపులకూ సమానంగా వ్యాపిస్తుంది. సన్నని గొట్టంలో పంపు నెట్టిన నూనె వెడల్పైన సిలిండరులో పెద్ద బలమవుతుంది. జోసెఫ్ బ్రామా 1795లోనే దీనితో ఒత్తిడి యంత్రం చేశాడు. కాని దానిని పొలానికి తెచ్చిన ఘనతలో చిన్న షాపుల వాటా పెద్దది.

1945 అక్టోబరులో ఇంగ్లండులోని యుటాక్సిటర్ అనే చిన్న పట్టణంలో జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్ అనే యువకుడు ఒక గ్యారేజి అద్దెకు తీసుకున్నాడు. ఒక పౌనుకు పాత వెల్డింగు యంత్రం కొన్నాడు. యుద్ధం ముగిసిన రోజులు. సైన్యం వదిలేసిన ఇనుము చవకగా దొరికేది. ఆ ఇనుముతో సరకును తనంతట తానే ఒంపే ట్రైలరు బండి ఒకటి చేసి 45 పౌన్లకు అమ్మాడు. 1949లో ఫోర్డ్‌సన్ మేజర్ ట్రాక్టరుకు బిగించే హైడ్రాలిక్ లోడరు చేశాడు. 1953లో ముందు బకెట్టు, వెనుక తవ్వే చేయి రెండూ ఒకే ట్రాక్టరుకు అమర్చాడు. అతని పేరులోని మూడు పొడి అక్షరాలే జేసీబీ. 1979లో ఆ సంస్థ ఎస్కార్ట్స్‌తో కలిసి మన దేశంలో తయారీ ప్రారంభించింది. ఇప్పుడు తెలుగు పల్లెలో ఎవరు తయారుచేసిన యంత్రమైనా మట్టి తవ్వేది అయితే అది “జేసీబీ”యే. మనిషి పేరు యంత్రానికి పెట్టడం సర్వసాధారణమే గాని, మనిషి మరుగునపడి పొడి అక్షరాలు మాత్రం తెలుగు నామవాచకం కావడం అరుదు.

అట్లాంటిదే అమెరికాలో మరొకటి జరిగింది. మిన్నెసోటా రాష్ట్రంలోని రోత్సే గ్రామంలో కమ్మరి, మరమ్మతు పనులు చేసుకునే కెల్లర్ సోదరులను టర్కీ కోళ్లు పెంచే రైతు ఒకడు ఒక కోరిక కోరాడు. కోళ్ల కొట్టంలో స్తంభాలు దగ్గర దగ్గరగా ఉన్నాయి. పెంట ఎత్తడానికి ట్రాక్టరు లోపలికి తిరగదు. 1957 ఫిబ్రవరిలో వారు మూడు చక్రాల చిన్న లోడరును చేసి ఇచ్చారు. అది ఉన్నచోటనే గిరుక్కున తిరుగుతుంది. ప్రపంచమంతటా నేడు కనిపించే చిన్న లోడర్ల వంశానికి అదే మూలపురుషుడు. ఒక కొట్టం కొలతలకు సరిపోయేటట్లు చేసిన యంత్రం అన్ని దేశాలకు పనికివచ్చింది.

ఇటు రాయలసీమలో 1960, 1970 దశకాలలో విద్యుత్ మోటార్లు, డీజిలు ఇంజన్లు వ్యాపించేసరికి కపిలలు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. విద్యుత్తుతో పాటు పల్లెకు వెల్డింగు కూడా వచ్చింది. కొలిమి, తిత్తి, సమ్మెట ఉన్నచోట ఎలక్ట్రోడు చేరింది. ఇక మట్టి పని సంగతి చెప్పనక్కరలేదు. ఓర్వకల్లు మండలంలోని శకునాల, పక్క మండలంలోని గని గ్రామాల వద్ద 1,000 మెగావాట్ల సౌరవిద్యుత్ ఉద్యానం 2017లో పూర్తయింది. దాని విస్తీర్ణం దాదాపు 5,900 ఎకరాలు. ఓర్వకల్లు వద్ద నిర్మించిన విమానాశ్రయం 2021 మార్చి 25న ప్రారంభమైంది, దానికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. గంపతో 306 కిలోమీటర్ల కాలువ తవ్విన జిల్లాలో ఇప్పుడు నేలను చదును చేసేది బకెట్టే.

ఇంతకూ ఆ జానెడు రేకు అతికించవచ్చునా? దీనికి జవాబు రేకులో లేదు, అందులో ఏమి నింపుతారనే దానిలో ఉన్నది. ఘనమీటరు ఎండిన దిబ్బ ఎరువు 500, 600 కిలోలకు మించదు. అదే ఘనమీటరు పొడి మట్టి సుమారు 1,500 కిలోలు, తడి రేగడి 1,800 కిలోలు తూగుతుంది. బకెట్టులో 0.4 ఘనమీటరు పడుతుందనుకుంటే ఎరువుతో నిండినప్పుడు 240 కిలోలు, మట్టితో నిండినప్పుడు 600 కిలోలు. మూడవ వంతు పెద్దది చేస్తే ఎరువు 320 కిలోలే అవుతుంది, మట్టి మాత్రం 800 అవుతుంది. కనుక ఎరువుకు, పొట్టుకు, వేరుసెనగ కట్టెకు బకెట్టును పెంచడం సబబే. పెంచిన బకెట్టునే మట్టికి కూడా వాడడంలో చిక్కు వస్తుంది. ఇంట్లో రెండు బకెట్లు ఉంచుకునే స్తోమత అందరికీ ఉండదు గనుక ఈ చిక్కు చాలా తరచుగా వస్తుంది.

ట్రాక్టరు ముందు ఇరుసు ఇక్కడ తులాదండానికి ఆధారం. బకెట్టులోని బరువు ఆధారానికి ముందు వేలాడుతుంది, ట్రాక్టరు బరువు వెనుక నిలిచి దానిని ఎదుర్కొంటుంది. ఒక ట్రాక్టరు 2,000 కిలోలనీ, ఇరుసుల మధ్య దూరం 2 మీటర్లనీ, ఖాళీగా ఉన్నప్పుడు ముందు ఇరుసు మీద 800, వెనుక ఇరుసు మీద 1,200 కిలోలు పడుతున్నాయనీ అనుకుందాం. లోడరు చేతుల సొంత బరువును లెక్కలోకి తీసుకోవద్దు. ముందు ఇరుసుకు 1.5 మీటర్ల దూరంలో 600 కిలోల మట్టి ఎత్తితే వెనుక చక్రాల మీద 450 కిలోలు తగ్గి 750 మిగులుతాయి. ముందు ఇరుసు మీద 1,850 పడతాయి. ఇప్పుడు బకెట్టు పెంచారు. మట్టి 800 కిలోలు అయింది, రేకు ముందుకు సాగినందున దాని గరిమనాభి కూడా 1.7 మీటర్లకు జరిగింది. వెనుక 680 కిలోలు తగ్గి 520 మాత్రమే మిగిలాయి. ముందు ఇరుసు మీద 2,280 కిలోలు పడ్డాయి. ఆ ఇరుసు మొదట మోసినదానికి ఇది దాదాపు మూడు రెట్లు.

వెనుక చక్రాలు నేలను విడవలేదు కదా అని ధైర్యపడడానికి వీలు లేదు. చాలా ట్రాక్టర్లకు బ్రేకులు వెనుక చక్రాలకే ఉంటాయి. వాలులో దిగుతూ బ్రేకు తొక్కితే తేలికపడిన చక్రం జారుతుంది. పైగా ముందు ఇరుసు నడుమ ఒక మేకు మీద తూగుతూ ఉంటుంది. గుంతలో ఒక చక్రం దిగినప్పుడు ట్రాక్టరు నాలుగు కాళ్ల పీట మీద కాక మూడు కాళ్ల పీట మీద నిలిచినట్లు ఉంటుంది. బకెట్టు పైకి ఎత్తి ఉంటే గరిమనాభి కూడా పైకి పోయి, పక్కకు దొర్లడానికి కొద్దిపాటి వంపు చాలు. స్వీడన్ 1959 నుంచే కొత్త ట్రాక్టర్లకు తోలేవానిని కాపాడే గట్టి చట్రం ఉండి తీరాలని చట్టం చేసింది. మన పొలాలలో తిరిగే ట్రాక్టర్లు చాలావాటికి నీడనిచ్చే రేకు కప్పు తప్ప మరేమీ లేదు. బోల్తా పడినప్పుడు ఆ కప్పు దేనినీ ఆపదు.

రెండవ విషయం అతుకు. పాత కమ్మరి గడ్డపారకు మెత్తని ఇనుముతో ఒడలు చేసి, కొసకు మాత్రం ఉక్కు అతికేవాడు. ఉక్కులో కర్బనం ఎక్కువ. ఎర్రగా కాల్చి నీటిలో ముంచితే గట్టిపడుతుంది, కాని పెళుసవుతుంది. అందుకే అతడు ముంచిన తరువాత కొసను మళ్లీ కొద్దిగా వేడిచేసి, రంగు మారడం చూసి ఆపేవాడు. నేటి వెల్డరు బకెట్టు అంచుకు లారీ కమాను పట్టీ తెచ్చి అతుకుతాడు. ఆ పట్టీలో కర్బనం నూటికి అర వంతు పైనే ఉంటుంది. అరుగుదలకు అది మేలైన సరకే. కాని చల్లని పట్టీ మీద వెల్డింగు చేసినప్పుడు అతుకు పక్కనున్న సన్నని భాగం ఒక్కక్షణం ఎర్రబడి, చుట్టూ ఉన్న చల్లని ఇనుము వేడిని లాగివేయడంతో నీటిలో ముంచినంత వేగంగా చల్లారుతుంది. అక్కడ మార్టెన్‌సైట్ అనే గాజువంటి పెళుసు నిర్మాణం ఏర్పడుతుంది. చెమ్మ పట్టిన ఎలక్ట్రోడు నుంచి హైడ్రోజన్ కూడా అందులో చేరితే, ఆ రోజు బాగున్న అతుకు మరునాడు వెంట్రుక వంటి పగులు చూపుతుంది. అతుకు మధ్య తెగదు, దాని పక్కనే తెగుతుంది. “వెల్డింగు గట్టిగానే ఉంది, పట్టీ మంచిది కాదు” అని వాదించుకోవడానికి కారణం ఇదే.

పట్టీని ముందుగా 200 నుంచి 300 డిగ్రీల వరకు వేడిచేసి, హైడ్రోజన్ తక్కువగా ఉండే ఎలక్ట్రోడును పొయ్యిలో ఆరబెట్టి వాడి, అతికిన తరువాత పొడి ఇసుకలోనో, బూడిదలోనో కప్పి మెల్లగా చల్లారనిస్తే ఈ పగులు చాలావరకు రాదు. నీళ్లు చల్లి చల్లార్చడం అన్నిటికంటె చేటు. బకెట్టును ట్రాక్టరు మీద ఉంచే అతుకవలసి వస్తే ముందుగా బ్యాటరీ తీగలు విప్పాలి. ఎర్తు పట్టును అతికే చోటికి దగ్గరలోనే బిగించాలి, లేకపోతే విద్యుత్తు కీళ్ల మేకుల గుండా పోయి వాటిని కాల్చుతుంది.

ఓర్వకల్లు వంటి రాతినేలకు తగిన మార్పు బకెట్టును పెంచడం కంటె వేరుగా ఉండవచ్చు. అడుగు రేకుకు బదులు వరుసగా కడ్డీలు అమర్చి, ఏరవలసిన రాయి కంటె తక్కువ సందు ఉంచితే మట్టి కిందికి రాలి రాళ్లు మాత్రం మిగులుతాయి. చేలోని సారవంతమైన పైమట్టి చేలోనే ఉంటుంది, బకెట్టు మీది బరువు కూడా తగ్గుతుంది. రేగడి వారికైతే పోర్టియస్ చేసినట్లు మూలలను గుండ్రం చేస్తే చాలు. మట్టి అంటుకునేది ముఖ్యంగా మూలలలోనే.

ఇక వెనుక బరువు. మూడు కడ్డీలకు ఒక ఇనుప పెట్టె తగిలించి, వెనుక ఇరుసుకు 0.8 మీటరు వెనుకగా 400 కిలోలు ఉంచితే, పై లెక్కలో 520కి దిగిన వెనుక భారం 1,080కి పెరుగుతుంది. ముందు ఇరుసు మీద 160 కిలోలు తగ్గి 2,120 అవుతుంది. అయినా అది మొదటి భారం కంటె చాలా ఎక్కువే గనుక, ఇరుసు ఎంత మోయగలదో తయారీదారు ఇచ్చిన పుస్తకంలో చూసిగాని బకెట్టు పెంచడానికి వీలు లేదు. పెట్టె కొలతలు 90 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 50 లోతు ఉంటే సరిపోతుంది. దానిని నింపడానికి ఓర్వకల్లు చేలలో రాళ్లకు కొదవ లేదు.